చెప్పే ధర వేరు, చెల్లించే ధర వేరు

గ్యాస్ డబ్బులు పడలేదని ఒక సోదరి నా వద్దకు వచ్చింది. మసీదు ప్రాంగణంలో కమిటీ వారు ఇచ్చిన చిన్న గదిలో, జుమా నమాజు ముగిసినప్పటి నుండి అసర్ వరకు నేను కూర్చుంటాను. దరఖాస్తులు నింపడం, వచ్చిన నోటీసులు చదివి వినిపించడం, ఉద్యోగ విరమణ తరువాత నాకు మిగిలిన పని అదే. ఆమె ఇంటి వద్ద జాకెట్లు కుడుతుంది. భర్త మెకానిక్ షెడ్డులో పని చేస్తాడు. "చాచా, దీపం పథకం సిలిండర్ డబ్బులు మా వీధిలో అందరికీ పడ్డాయి. నాకే పడలేదు. మన పేరు చూసి ఆపారేమో, ఒక అర్జీ వ్రాసి పెట్టండి" అన్నది.

ఆ అనుమానాన్ని నేను తేలికగా కొట్టివేయలేదు. పేరు చూసి పక్కన పెట్టిన కాగితాలను నా సర్వీసులో చూడకపోలేదు. అయినా అర్జీ వ్రాసే ముందు రికార్డు చూడాలన్నది గుమాస్తా అలవాటు. పాసుపుస్తకం తెమ్మన్నాను. అది ప్రభుత్వ బ్యాంకులోని జన్‌ధన్ ఖాతా. అందులో గ్యాస్ జమ లేదు. మరెక్కడైనా ఖాతా ఉన్నదా అని అడిగితే లేదన్నది. కొంతసేపు ఆలోచించి, రెండేళ్ళ క్రితం మోటారు కుట్టుమిషను వాయిదాల మీద తీసుకున్నప్పుడు, వాయిదాలు కట్టడానికని ఒక ప్రైవేటు బ్యాంకులో ఖాతా తెరిపించారని చెప్పింది. ఆనాడు చాలా కాగితాల మీద సంతకాలు పెట్టిందట.

మరుసటి వారం ఆ ఖాతా స్టేట్‌మెంటు తీయించుకొని వచ్చింది. గ్యాస్ డబ్బు ఎనిమిది వందల పైచిలుకు అందులో పడే ఉన్నది. ప్రభుత్వ పథకాల సొమ్ము ఆధార్‌కు చివరగా అనుసంధానించిన ఖాతాకు చేరుతుంది. ఆమె సంతకం పెట్టిన కాగితాలలో ఆ అనుసంధాన అంగీకార పత్రం కూడా ఉన్నదన్నమాట. జమ పడిన రోజుననే కోతలు ప్రారంభమైనాయి. కనీస నిల్వ లేనందుకు 150 రూపాయలు, దానిపై పన్ను 27. ఆమె ఏనాడూ వాడని ఏ.టి.ఎం. కార్డుకు వార్షిక రుసుము 200, దానిపై పన్ను 36. సందేశాలు పంపినందుకు 15, దానిపై పన్ను 2 రూపాయల 70 పైసలు. మొత్తం 430 రూపాయల 70 పైసలు. మిగిలినది మిషను వాయిదా కింద జమ కట్టుకున్నారు. ఆమె చేతికి ఒక్క రూపాయి రాలేదు.

అర్జీ వ్రాయవలసిన అవసరం లేకపోయింది. ప్రభుత్వం ఆపలేదు, ఎవరూ పేరు చూడలేదు. ఆమె ఎన్నడూ అడగని సేవలకు ఆమె ఎన్నడూ వినని ధరలు చెల్లించింది. "మిషను ఇరవై రెండు వేలని చెప్పారు గానీ, ఇవన్నీ ఎవరూ చెప్పలేదు చాచా" అని ఆమె అన్న మాటే ఈ నెల సంపాదకీయానికి విషయమైంది.

ధరలు పెరుగుతున్నాయని వేరుగా చెప్పనక్కరలేదు. వంటనూనె సంగతే చూడండి. 2024 సెప్టెంబరులో ముడినూనెల దిగుమతి సుంకం పెంచారు, ధర ఎగిరింది. 2025 మే నెలాఖరులో సగం తగ్గించారు. ఎగిరినంత వేగంగా దిగినట్లు మన వంటగదులకు తెలియలేదు. 2022 జూలైలో ప్యాకెట్‌లో కట్టిన బియ్యం, పిండి, పెరుగుల మీద అయిదు శాతం జి.ఎస్.టి. వేశారు. 2025 సెప్టెంబరు 22 నుండి సబ్బులు, టూత్‌పేస్టు, తలనూనె వంటి వాటిపై పన్నును అయిదు శాతానికి తగ్గించారు. ఇవన్నీ పత్రికలలో వస్తాయి, టీ కొట్టు దగ్గర చర్చకు వస్తాయి, ఎన్నికలలో వాగ్దానాలుగా మారుతాయి. నేను చెప్పదలచినది పత్రికలలో రాని పెరుగుదల గురించి. వస్తువు ధర పలకపై అలాగే ఉంటుంది. దాని చుట్టూ రుసుములు మొలుస్తాయి. పలక మీది అంకె చూసి మనం నిర్ణయం తీసుకుంటాము, రసీదు మీది అంకె మన జేబు నుండి పోతుంది.

పరుల సంగతి చెప్పేముందు నా సంగతి చెప్పుకోవడం న్యాయం. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో, అందులో చాలా కాలం పౌర సరఫరాల సెక్షన్‌లో, కూడికలు తీసివేతలతో జీవించిన మనిషిని. ధరల పట్టికలు తిరగవ్రాసి తిరగవ్రాసి వేలు కాయ కాచింది. అటువంటి నేను మా చిన్నమ్మాయి పెండ్లికి రిఫ్రిజిరేటర్ కొన్నప్పుడు మోసపోయాను. మోసమని కూడా అనలేను, అన్నీ కాగితం మీద ఉన్నాయి. చదవనిది నేనే.

ధర 24,000. నగదుకైతే 22,500 అని దుకాణదారు చెప్పాడు. పక్కనే "వడ్డీ లేని వాయిదాలు" అని పెద్ద అక్షరాల బోర్డు. వడ్డీకి దూరంగా ఉండాలని జీవితమంతా జాగ్రత్తపడినవాణ్ణి కనుక ఆ బోర్డు నన్ను ఆకర్షించింది. వడ్డీ లేదు, ఎనిమిది నెలలు, నెలకు మూడు వేలు, ఇంకేం కావాలి అనుకున్నాను. రెండు వాయిదాలు అక్కడే ముందుగా కట్టించుకున్నారు. ప్రాసెసింగ్ ఫీజు 799, దానిపై పన్ను 144. ఇంటికి వచ్చి, పెండ్లి హడావుడి ముగిసిన తరువాత, ఒకనాటి మధ్యాహ్నం పాత అలవాటు కొద్దీ లెక్క వేశాను.

నగదు ధర 22,500. నేను ముందుగా కట్టిన వాయిదాలు ఆరు వేలు తీసివేస్తే నాకు కావలసిన అప్పు 16,500. అందులోనూ రుసుము కింద 943 వారికే తిరిగి ఇచ్చాను. అంటే నాకు నిజంగా అందిన అప్పు 15,557 రూపాయలు. తిరిగి కట్టవలసినది ఆరు నెలలలో 18,000. తేడా 2,443. ఇది మన పద్ధతిలో చెప్పాలంటే నూటికి నెలకు నాలుగు రూపాయల పైచిలుకు. మా బజారులో నాలుగు రూపాయల వడ్డీకి అప్పిచ్చేవాణ్ణి జనం ఏమంటారో మీకు తెలుసు. ఆయన మొహం మీదనే అంటారు. నేనేమో ఆ బోర్డు ముందు నిలబడి, అల్‌హమ్దులిల్లాహ్, వడ్డీ లేకుండా దొరికిందని సంతోషించాను.

సున్నా శాతం వడ్డీ అనేది ఎక్కడా లేదని, అది రుసుము రూపంలోనో ధర రూపంలోనో దాగి ఉంటుందని సాక్షాత్తు రిజర్వు బ్యాంకే 2013 సెప్టెంబరులో బ్యాంకులకు చెప్పింది. బోర్డుల మీది మాటలు మారాయి, సారం మారలేదు. మన సమాజంలో వడ్డీ తప్పించుకోవాలన్న నిజమైన తపన ఉన్నది. ఆ తపననే ఎరగా వేసి, వడ్డీని పేరు మార్చి అమ్ముతున్నారు. పేరుకు వడ్డీ లేదు కనుక మనస్సాక్షి నిదురపోతుంది, నూటికి నాలుగు రూపాయలు కనుక జేబు ఖాళీ అవుతుంది. రెండు విధాలా నష్టమే. నగదు ధర ఎంత, వాయిదాలన్నీ రుసుములతో కలిపి మొత్తం ఎంత అని రెండే ప్రశ్నలు అడిగి ఉంటే, ఆ తేడాకు ఏ పేరు పెట్టినా అది ఏమిటో నాకు అక్కడే తెలిసిపోయేది.

ఇప్పుడు అడిగేవారికి ఒక ఆధారం కూడా కలదు. 2024 అక్టోబరు 1 నుండి బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు వ్యక్తులకు ఇచ్చే ప్రతి కొత్త అప్పుకు ముందుగా ఒక ముఖ్య వివరాల పత్రం ఇచ్చి తీరాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అన్ని రుసుములూ కలిపిన వార్షిక రేటు అందులో ఉండాలి. అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి, చదివి వివరించాలి. ఆ పత్రంలో లేని రుసుమును తరువాత మన స్పష్టమైన అంగీకారం లేకుండా వసూలు చేయరాదు. తెలుగులో ఇమ్మని అడగండి. ఉర్దూ మాత్రమే చదవగల పెద్దలున్న ఇండ్లలో ఉర్దూలో అడగండి. ఇవ్వలేమంటే ఆ మాటే కాగితం మీద వ్రాసి ఇమ్మనండి. కాగితం మీద వ్రాయమనగానే చాలా విషయాలు మెత్తబడతాయి, ఇది నా సర్వీసు అనుభవం. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు వ్రాసుకోవాలన్న ఆదేశం మన గ్రంథంలో, సూరా బఖరాలో, ఎంత వివరంగా ఉన్నదో ప్రతి ఇంటివారికీ తెలుసు. తెలిసి కూడా మనం వ్రాయించుకోము. మొగమాటం.

ఇది అందరి సమస్య కదా, మైనారిటీల పత్రికలో ఎందుకని అడిగే మిత్రులు ఉంటారు. అందరి సమస్యే. కాని అందరిపైనా ఒకే విధంగా పడదు. 2006 నవంబరులో సచార్ కమిటీ సమర్పించిన నివేదికలో ఒక విషయం ఉన్నది. ముస్లింలు అధికంగా నివసించే కొన్ని ప్రాంతాలను బ్యాంకులు అప్పులకు పనికిరాని ప్రాంతాలుగా గుర్తించి పెట్టుకున్నాయని, జనాభాలో ముస్లింల వాటాతో పోల్చితే వారికి అందే బ్యాంకు రుణం తక్కువని ఆ కమిటీ తేల్చింది. బ్యాంకు తలుపు తెరుచుకోని చోట బంగారం తాకట్టు కొట్టు, వారం వారం కట్టించుకునే సంస్థ, వాయిదాల దుకాణం తెరుచుకుంటాయి. రుసుములు దట్టంగా మొలిచే నేల అదే. నెల జీతం లేని మెకానిక్‌కు, తోపుడు బండి మీద పండ్లు అమ్మేవానికి, కుట్టుపని చేసే సోదరికి ఖాతాలో నిల్వ ఉంచడం సాధ్యం కాదు. నిల్వ లేనందుకు జరిమానా వారికే పడుతుంది. లక్ష రూపాయల నిల్వ ఉన్నవారికి అదే బ్యాంకు ఆ చార్జీలన్నీ మాఫీ చేసి టీ ఇస్తుంది.

దీనికి మార్గం లేకపోలేదు. ప్రైవేటు బ్యాంకులతో సహా ప్రతి బ్యాంకూ ప్రాథమిక పొదుపు ఖాతా ఇవ్వాలి. దానికి కనీస నిల్వ అవసరం లేదు, కార్డుకు వార్షిక రుసుము లేదు, నెలకు నాలుగు సార్లు ఉచితంగా డబ్బు తీసుకోవచ్చు. ఉన్న మామూలు ఖాతాను ప్రాథమిక ఖాతాగా మార్చమని దరఖాస్తు ఇవ్వవచ్చు. ఇది ఎవరి దయ కాదు. మామూలు ఖాతాలో కూడా, కనీస నిల్వ చార్జీ వేసి ఖాతాను సున్నా కంటే కిందికి దించరాదన్న నియమం 2015 ఏప్రిల్ నుండి అమలులో ఉన్నది. బ్యాంకుకు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి ముప్పై రోజులు చూసి, సమాధానం రాకున్నా, వచ్చిన సమాధానం నచ్చకున్నా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. సమాచారానికి నంబరు 14448. పథకాల సొమ్ము ఏ ఖాతాకు చేరుతున్నదో కూడా ప్రతి ఇంటివారు ఒకసారి చూసుకోవాలి. ఎన్నడో తెరిచి మరచిన ఖాతాకు చేరుతూ ఉండవచ్చు.

సెల్‌ఫోను విషయం త్వరగా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఇంటింటా తెలిసిన బాధ. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు మూడూ ఒకేసారి రేట్లు పెంచాయి. ఇరవై ఎనిమిది రోజుల ప్లాను నెల ప్లాను కాదు, ఏడాదికి పదమూడు సార్లు రీచార్జి చేయవలసి వస్తుంది. ఇంటిలో నాలుగు ఫోనులుంటే ఏడాదికి నాలుగు రీచార్జిలు అదనం. నెల రోజుల ప్లాను ఒకటైనా ఉంచాలని ట్రాయ్ 2022 జనవరిలో ఆదేశించింది. ఇంటర్నెట్ అవసరం లేని వారికి మాటలు, సందేశాలకు మాత్రమే పనికివచ్చే ప్లానులు ఉండాలని 2024 డిసెంబరులో ఆదేశించింది. అవి ఉన్నాయి. దుకాణదారు తనంతట తాను చెప్పడు. అమ్మీజాన్ వాడే బటన్ల ఫోనుకు రోజుకు రెండు జీబీల ఇంటర్నెట్ ఎందుకు వేయిస్తున్నామో ఒకసారి ఆలోచించాలి.

కిరాణా దుకాణంలో జరిగేది మరొక రకం. అక్కడ రుసుము వేయరు, బరువు తగ్గిస్తారు. అయిదు రూపాయల బిస్కట్ ప్యాకెట్ ఎప్పుడూ అయిదు రూపాయలే, బిస్కట్లు మాత్రం పలచబడుతూ వచ్చాయి. నూనె ప్యాకెట్ చూడండి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. పక్కనే అదే ఎత్తున, అదే రంగులో 850 గ్రాముల ప్యాకెట్ ఉంటుంది. మొదటిది 148 రూపాయలు, రెండవది 140 అనుకుందాం. ఎనిమిది రూపాయలు మిగిలాయని సంతోషించి ఇంటికి వస్తాము. వంద గ్రాములకు లెక్క కడితే మొదటిది 16 రూపాయల 26 పైసలు, రెండవది 16 రూపాయల 47 పైసలు. చవక అనుకున్నదే ప్రియం. గ్రాముకు ఎంత, మిల్లీలీటరుకు ఎంత అన్న యూనిట్ ధరను ఇప్పుడు ప్యాకెట్ మీద ముద్రించాలన్న నిబంధన ఉన్నది. అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి. చూపు ఆనని మా వంటివారు పక్కన ఇంటర్ చదివే మనవణ్ణి నిలబెట్టుకొని చదివించుకోవాలి. ప్యాకెట్ మీద ముద్రించిన గరిష్ఠ ధరలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. చల్లగా ఉన్నదని పానీయానికి రెండు రూపాయలు అదనంగా తీసుకునే దుకాణదారు చట్టానికి విరుద్ధంగా తీసుకుంటున్నాడు.

యువకులకు ఒక మాట. బిర్యానీ ఇంటికి తెప్పించుకునే అలవాటు మన ఇండ్లలోనూ బాగా పెరిగింది. బిర్యానీ వండడంలో పేరున్న ఇండ్లలోనే ఇలా జరగడం నాకు వింతగా ఉంటుంది, అది వేరే విషయం. ఆ యాప్‌లు 2023లో ప్లాట్‌ఫారం ఫీజు అని రెండు రూపాయలతో మొదలుపెట్టాయి. రెండు రూపాయలే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. 2025 నాటికి అది పది రూపాయలు దాటింది. పెట్టె చార్జీ, తెచ్చే చార్జీ, వాన పడితే వాన చార్జీ, చివరి మెట్టు మీద గానీ మొత్తం కనిపించదు. ఇలా మెట్టు మెట్టుకూ ధర పెంచడాన్ని, అడగకుండానే బుట్టలో విరాళమో బీమానో చేర్చడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న నిషేధించింది. అటువంటి మాయోపాయాలను పదమూడింటిని ఆ మార్గదర్శకాలలో పేర్కొన్నది. గుర్తుంచుకోవలసినది మరొకటి ఉన్నది. ఆ సంచి మోసుకొని ఎండలో తిరిగేది మన పిల్లలే. ప్లాట్‌ఫారం ఫీజు ఆ పిల్లవాని కోసం కాదు, కంపెనీకి పోతుంది.

గ్యాస్ బండ తెచ్చే వ్యక్తికి ఇచ్చే ముప్పై, నలభై రూపాయల సంగతి కూడా ఇటువంటిదే, కాని నా అభిప్రాయం కొంచెం వేరు. బిల్లు మీది ధరలో ఇంటికి చేర్చే ఖర్చు కలిసే ఉంటుంది. అదనంగా అడిగే హక్కు ఎవరికీ లేదు. అయితే మూడవ అంతస్తుకు బండ మోసుకొచ్చిన మనిషికి మనం సంతోషంగా ఏదైనా ఇస్తే అది మన ఇష్టం. మన ఇష్టాన్ని వారి రేటుగా మార్చనివ్వకూడదు. ఇవ్వలేని వితంతువు వద్ద కూడా అదే రేటు పట్టుబట్టి తీసుకోవడం చూశాను, అక్కడే ఏజెన్సీ వారికి ఫోను చేయించాను.

ఇక పాఠశాలల విషయం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగవలసి ఉన్నది, ఎందుకంటే మిగిలిన వాటిని మానుకోవచ్చు, పిల్లల చదువును మానుకోలేము.

మైనారిటీ విద్యార్థులకు ఒకటవ తరగతి నుండి ఎనిమిదవ తరగతి వరకు ఇచ్చే ప్రీ మెట్రిక్ ఉపకార వేతనాన్ని కేంద్రం 2022-23 నుండి నిలిపివేసింది. ప్రాథమిక తరగతుల పిల్లలకు వచ్చేది ఏడాదికి వేయి రూపాయలే. చిన్న మొత్తమే, కాని జూన్ నెలలో ఆ వేయి రూపాయలు నోటు పుస్తకాలకు, బూట్లకు సరిపోయేవి. విద్యాహక్కు చట్టం ప్రకారం చదువు ఉచితం కనుక అవసరం లేదన్నారు. ఉచితం అన్న మాటకు, జూన్‌లో తల్లి చేతి నుండి వెళ్ళే మొత్తానికి ఎంత దూరమో అలా అన్నవారికి తెలియదనుకోవాలి. మన రాష్ట్రంలో 2025 జూన్‌లో తల్లికి వందనం కింద ఒక్కొక్క బిడ్డకు పదమూడు వేల రూపాయలు తల్లుల ఖాతాలలో పడ్డాయి. మంచి పని. ఆ సొమ్ము పడిన వారంలోనే మా గదికి నలుగురైదుగురు తల్లులు వచ్చారు. ట్యూషన్ ఫీజు ఎప్పటిదే, కాని డిజిటల్ తరగతి ఫీజు, కార్యకలాపాల ఫీజు, భవన నిధి, గుర్తింపు కార్డు ఫీజు అని కొత్త వరుసలు వచ్చాయి. కొన్నింటికి రసీదు ఇచ్చారు, కొన్నింటికి తెల్ల కాగితం మీద అంకె వేసి ఇచ్చారు.

విద్యాహక్కు చట్టంలో రెండవ సెక్షన్ చదవండి. పాఠశాల ముందుగా ప్రకటించిన ఫీజు కాక, విరాళమని గానీ చందా అని గానీ మరే పేరుతోనైనా గానీ తీసుకునే ప్రతి చెల్లింపునూ అది క్యాపిటేషన్ ఫీజుగా నిర్వచించింది. పదమూడవ సెక్షన్ దానిని నిషేధించింది. వసూలు చేసిన మొత్తానికి పదింతల వరకు జరిమానా వేయవచ్చునన్నది. కనుక ప్రవేశం సమయంలోనే, ప్రకటించిన ఫీజుల పట్టిక ఏదీ అని అడగాలి, దాని ఫొటో తీసుకోవాలి. కళాశాలల విషయంలో, ఫీజు బకాయి పేరుతో అసలు సర్టిఫికెట్లను అట్టిపెట్టుకోరాదని యు.జి.సి. 2018లోనే స్పష్టం చేసింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ప్రభుత్వం నుండి రాలేదని మన పిల్లవాని ఒరిజినల్స్‌ను బీరువాలో పెట్టుకోవడం ఆ నియమానికి విరుద్ధం. ఉద్యోగానికి చేరవలసిన తేదీ దాటిపోయి ఏడ్చిన పిల్లలను ఎరుగుదును.

ఇంతవరకు పరుల మాట. ఇప్పుడు మన ఇంటి మాట. 2014లో ప్రమతి కేసులో సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం విద్యాహక్కు చట్టం మైనారిటీ పాఠశాలలకు వర్తించదని తీర్పు ఇచ్చింది. ముప్పయ్యవ అధికరణం మనకు ఇచ్చిన హక్కును ఆ తీర్పు కాపాడింది. మన పత్రిక ఆ హక్కు పక్షాన ఎప్పుడూ నిలబడుతుంది. కాని ఆ రక్షణ నీడలో కూర్చొని రసీదు లేని విరాళాలు వసూలు చేసే యాజమాన్యాలు మనలో లేవని గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పగలమా? హక్కు ఉన్నది మన పిల్లలు మన సంస్కృతితో చదువుకోవడానికి. పక్క వీధి కార్పొరేట్ పాఠశాల చట్టానికి భయపడి చేయలేనిది మనం నిర్భయంగా చేయడానికి కాదు. ఈ వాక్యం కొందరు మిత్రులకు కోపం తెప్పిస్తుందని తెలుసు. వారు తమ పాఠశాల ఫీజుల పట్టికను మాకు పంపితే వచ్చే సంచికలో సంతోషంగా ప్రచురిస్తాము.

అమ్మేవారిలో కూడా మనం తక్కువ లేము. మాంసం కొట్టు, పండ్ల బండి, పాత ఇనుము, చెప్పుల దుకాణం, మన జీవనాధారం చాలావరకు చిల్లర వ్యాపారమే. తూకంలో తగ్గించేవారి పేరిట ఒక సూరాయే ఉన్నది కదా. కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్నదో లేదో ముందు మన కొట్టులో చూసుకోవాలి. రసీదు అడిగితే ఇవ్వాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే ఒక అనుచిత వ్యాపార పద్ధతి.

ఆ చట్టం 2020 జూలై 20 నుండి అమలులో ఉన్నది. ఎంత మంది వాడుకున్నారని మా జమాత్‌లో ఒకసారి అడిగితే ఒక్క చెయ్యి కూడా లేవలేదు. 1915 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే చెప్పవచ్చు. చాలా తగాదాలు అక్కడే తీరుతాయి. తీరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. చెల్లించిన విలువ అయిదు లక్షల లోపు అయితే దాఖలు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు. దుకాణం ఏ ఊరిలో ఉన్నా మనం నివసించే జిల్లాలోనే వేయవచ్చు. రెండేళ్ళలోపు వేయాలి. కావలసినది రసీదు. వెనుకటి తరం స్త్రీలు రేషన్ కార్డును ట్రంకు పెట్టెలో ఎంత భద్రంగా దాచేవారో, రసీదులను అంత భద్రంగా దాచే ఒక సంచి ప్రతి ఇంటిలో మేకుకు వేలాడాలి.

ఖర్చులలో మన నిర్ణయం పూర్తిగా మన చేతిలో ఉండే చోటు పెండ్లి. అక్కడే మనం ఏమీ అడగము. మొన్న ఒక వలీమా లెక్క నా ముందుకు వచ్చింది. పిల్లవాని తండ్రి ఆటో డ్రైవరు. హాలు అద్దె నలభై వేలని మాట్లాడుకున్నారు. చివరకు కరెంటు మీటరు 4,200, జనరేటర్ డీజిల్ 3,500, శుభ్రపరచడం 3,000, పాత్రలు 5,000, వాచ్‌మన్‌కు 500 కలిసి 56,200 అయింది. పందిట్లో బంధువుల ముందు బేరమాడితే పరువు పోతుందని అప్పటికప్పుడు బావమరిది వద్ద చేబదులు తీసుకొని కట్టాడు. నలభై వేల హాలు మనకు తగునా అని నెల రోజులు ఆలోచించిన మనిషి, పదహారు వేల రెండు వందలను అయిదు నిమిషాలలో కట్టాడు. వలీమాకు అంత హాలు అవసరమా అన్న ప్రశ్న నేను అడిగాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ ప్రశ్న పెండ్లికి ఆరు నెలల ముందు అడగవలసినది.

కుట్టుమిషను సోదరి సంగతి చెప్పాలి కదా. ఆమె చేత బ్యాంకుకు ఒక దరఖాస్తు, గ్యాస్ ఏజెన్సీకి ఒక దరఖాస్తు ఇప్పించాము. ఆధార్ అనుసంధానాన్ని తిరిగి జన్‌ధన్ ఖాతాకు మార్చారు. మిషను వాయిదాలు ఇంకా మూడు ఉన్నాయి, అవి ముగియగానే ప్రైవేటు ఖాతా మూసివేస్తానని అన్నది. ఏ.టి.ఎం. కార్డు రుసుము 236 రూపాయలు తిరిగి జమ అయినాయి. మిగిలిన దానికి బ్యాంకు వారి సమాధానం ఇంకా రాలేదు. ముప్పై రోజులు ఈ నెల ఇరవయ్యవ తేదీతో ముగుస్తాయి.

మా ఊరి షాదీఖానా కమిటీతో కూడా మాట్లాడాము. అద్దె, కరెంటు, పాత్రలు, శుభ్రత, అన్నీ కలిపి ఒకే మొత్తంగా తెలుగులోను ఉర్దూలోను గేటు పక్క గోడ మీద వ్రాయిస్తామని ఒప్పుకున్నారు. పెయింటరుకు చెప్పడం కూడా అయింది. జనరేటర్ డీజిల్ సంగతి మాత్రం ఇంకా తేలలేదు, వచ్చే సమావేశంలో చూద్దామన్నారు.